పొయెట్రీకి ఆరేళ్ల నిరీక్షణ, యూవీకి ఏడాదిన్నర లోపే ఆమోదం

క్లౌడ్ సంస్థల గుమ్మం ముందు సాఫ్ట్‌వేర్ ఉపకరణాల పడిగాపులు

ఇతరుల కంప్యూటర్ ప్రోగ్రాములను తన యంత్రాలపై అద్దెకు నడిపే అమెరికన్ సంస్థ హెరోకు, పైథాన్ భాషలో పనిచేసే ప్రోగ్రామర్లు ఏళ్ల తరబడి కోరుతూ వచ్చిన 'పొయెట్రీ' అనే ఉపకరణానికి 2024 చివరలో గుర్తింపునిచ్చింది. పొయెట్రీ తొలిసారి విడుదలైనది 2018 ఆరంభంలో. అంటే గుమ్మం దాటడానికి దానికి ఆరేళ్లకు పైగా పట్టింది. కాగా, 2024 ఫిబ్రవరిలో వెలువడిన 'యూవీ' అనే మరో ఉపకరణానికి అదే సంస్థ 2025 ప్రథమార్ధంలోనే తలుపులు తెరిచింది. రెండూ చేసే పని దాదాపు ఒక్కటే. ఒకదానికి అంత జాప్యం, మరొకదానికి ఇంత వేగం ఎందుకన్న ప్రశ్నకు సమాధానం వెతికితే, సాఫ్ట్‌వేర్ పరిశ్రమలో బయటికి కనిపించని ఒక బరువు ఎవరి భుజాలపై ఉన్నదో తెలుస్తుంది.

ఇది దూరదేశపు ప్రోగ్రామర్ల ఇంటి గొడవగా తోచవచ్చు. కానీ ప్రోగ్రాములను రాసే వారి సంఖ్యలో అమెరికా తరువాతి స్థానం భారత్‌దేనని గిట్‌హబ్ సంస్థ 2024లో ప్రకటించిన లెక్కలు సూచించాయి. ఆ సంస్థ వేదికను వినియోగించే భారతీయులు అప్పటికే కోటీ 70 లక్షలకు మించారు. బెంగళూరు, హైదరాబాద్, పుణె, చెన్నై నగరాలలోని చిన్న కంపెనీలు సొంత సర్వర్లు కొనే స్తోమత లేక క్లౌడ్ సంస్థలపై ఆధారపడడం మామూలైపోయింది. ఆ సంస్థలు ఏ ఉపకరణాన్ని ఆమోదిస్తే దానినే వాడవలసిన స్థితి వీరిది.

సరుకుల చీటీ, దుకాణం బిల్లు

నేడు ఏ ప్రోగ్రామునూ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకు ఎవరూ సొంతంగా రాయరు. తేదీలు లెక్కించడానికి ఒకటి, డేటాబేస్‌తో మాట్లాడడానికి ఒకటి, రహస్య సంకేతాలను సరిచూడడానికి ఇంకొకటి చొప్పున ఇతరులు రాసి ఉచితంగా పంచిపెట్టిన 'ప్యాకేజీ'లను తెచ్చుకుని కలుపుకుంటారు. ఆ ప్యాకేజీలు మళ్లీ వేరే ప్యాకేజీలపై ఆధారపడతాయి. ప్రోగ్రామర్ స్వయంగా కోరినవి పది ఉంటే, వాటి వెంట వచ్చి చేరేవి వంద ఉండడం అసాధారణమేమీ కాదు. వీటన్నింటినీ ఏరి, ఒకదానితో మరొకటి పొసగే రకాలను నిర్ణయించి, యంత్రంలో అమర్చే ఉపకరణాన్ని డిపెండెన్సీ మేనేజర్ అని వ్యవహరిస్తారు. రూబీ భాషకు బండ్లర్, జావాస్క్రిప్ట్‌కు ఎన్‌పీఎం, యార్న్, పైథాన్‌కు పిప్, పొయెట్రీ, యూవీ ఇటువంటివే.

పెళ్లి వంటకు మేస్త్రీ రాసి ఇచ్చే సరుకుల చీటీలో 'కందిపప్పు ఇరవై కిలోలు' అని మాత్రమే ఉంటుంది. ఏ మిల్లుది, ఏ పంటది అన్నది ఆనాడు దుకాణంలో ఏది దొరికితే దానిని బట్టి ఉంటుంది. తొలితరం ఉపకరణాలు వాడిన జాబితాలు ఈ చీటీ వంటివి. సోమవారం కార్యాలయంలో సవ్యంగా నడిచిన ప్రోగ్రామును మంగళవారం సర్వర్‌పై పెడితే కుప్పకూలేది. ఆ రాత్రి ఎక్కడో ఎవరో తమ ప్యాకేజీకి కొత్త రకం విడుదల చేయడమే అందుకు కారణం. ఈ బాధకు విరుగుడుగా వచ్చినదే 'లాక్ ఫైలు'. ఇందులో ప్రతి ప్యాకేజీ పేరు, దాని కచ్చితమైన సంఖ్య నమోదవుతాయి. చాలా ఉపకరణాలలో దొంగసరుకును పట్టించే గుర్తింపు ముద్ర కూడా తోడవుతుంది. మిల్లు పేరు, బస్తా నంబరు, తూకం అన్నీ రాసిన దుకాణం బిల్లు వంటిది. ఆ బిల్లు చూపితే ఎక్కడైనా, ఎప్పుడైనా అదే సరుకు రావాలి.

చిక్కేమిటంటే, ఒక్కొక్క ఉపకరణం తన బిల్లును తన సొంత లిపిలో రాసుకుంటుంది. ఒకటి రాసినది మరొకదానికి అర్థం కాదు. క్లౌడ్ సంస్థ ఆ లిపిని నేర్చుకుంటేనే వినియోగదారుని ప్రోగ్రాము యథాతథంగా అక్కడ నడుస్తుంది.

హెరోకు తొలినాళ్లు

2007లో జేమ్స్ లిండెన్‌బామ్, ఆడమ్ విగ్గిన్స్, ఓరియన్ హెన్రీ అనే ముగ్గురు శాన్‌ఫ్రాన్సిస్కోలో హెరోకును నెలకొల్పారు. తొలినాళ్లలో అది రూబీ భాషకు మాత్రమే పరిమితం. సర్వర్ల నిర్వహణతో పని లేకుండా, ప్రోగ్రామును 'గిట్' అనే పద్ధతిలో అటు నెట్టితే చాలు, మిగిలిన పనంతా సంస్థే చూసుకుంటుందన్న వాగ్దానం ప్రోగ్రామర్లను విశేషంగా ఆకర్షించింది. 2010 డిసెంబరులో సేల్స్‌ఫోర్స్ సంస్థ దాదాపు 21 కోట్ల 20 లక్షల డాలర్లకు దీనిని కొనుగోలు చేయనున్నట్లు ప్రకటించింది. సేల్స్‌ఫోర్స్‌కు హైదరాబాద్‌లో పెద్ద కార్యాలయం ఉన్న సంగతి తెలిసిందే.

ఆ రోజుల్లో తమకు కావలసిన ప్యాకేజీల పేర్లను రూబీ ప్రోగ్రామర్లు హెరోకు తానే రూపొందించిన ఒక చిన్న జాబితా ఫైలులో వరుసగా రాసి పంపవలసి ఉండేది. పైన చెప్పిన సరుకుల చీటీకి అది అచ్చమైన ఉదాహరణ. ఇంతలో యెహూదా కట్జ్, కార్ల్ లెర్షే తదితరులు బండ్లర్‌ను తయారుచేశారు. 2010 ఆగస్టు చివరలో రూబీలో అత్యంత ప్రజాదరణ గల 'రెయిల్స్' మూడవ సంచిక, బండ్లర్ 1.0 ఒక రోజు తేడాతో వెలువడ్డాయి. కొత్త రెయిల్స్ బండ్లర్‌నే ప్రమాణంగా స్వీకరించింది. రూబీ లోకమంతా ఆ దారిన వెళ్తుంటే హెరోకు వంటి సంస్థ పాత చీటీని పట్టుకుని కూర్చోవడం సాధ్యం కాదు. ఆ ఏడాదే అది బండ్లర్‌కు మద్దతు ప్రకటించింది. ఈ సందర్భంలో నిర్ణయం సులువైనది. ఒకే భాష, ఒకే ఉపకరణం, దాని వెనుక మొత్తం సమాజం. తరువాతి కాలంలో హెరోకుకు ఇంత అనుకూలమైన పరిస్థితి మళ్లీ ఎదురుకాలేదనే చెప్పాలి.

అయితే బండ్లర్‌తోనూ తలనొప్పులు తప్పలేదు. 2019 జనవరిలో బండ్లర్ 2.0 విడుదలైనప్పుడు, దానితో తయారైన లాక్ ఫైలులో 'ఇది ఫలానా బండ్లర్‌తో రాసినది' అన్న ఒక పంక్తి ఉండేది. పాత బండ్లర్ ఉన్న యంత్రంలో ఆ పంక్తి కంటబడగానే రూబీ వ్యవస్థ ముందుకు కదలనని మొరాయించేది. ఇంటి కంప్యూటర్‌లో కొత్తది, సర్వర్‌పై పాతది ఉన్న ప్రోగ్రాములు అడ్డం తిరిగాయి. హెరోకు తాను పరీక్షించి నమ్మకం కుదిరిన బండ్లర్ రకాలనే వాడే విధానాన్ని అనుసరిస్తూ, లాక్ ఫైలులోని ఆ ఒక్క పంక్తిని తొలగించే ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది. ప్యాకేజీలను నిర్వహించే ఉపకరణాన్ని నిర్వహించే భారం కూడా క్లౌడ్ సంస్థదేనని ఈ ఉదంతం చాటుతోంది.

బిల్డ్‌ప్యాక్ అనే సర్దుబాటు

2011లో హెరోకు తన వేదికను రూబీ సరిహద్దు దాటించి జావా, పైథాన్, నోడ్, క్లోజర్, స్కాలా వంటి భాషలకు విస్తరించింది. రూబీ సృష్టికర్త యుకిహిరో మాత్సుమోతో ఆ ఏడాది జులైలో ఆ సంస్థలో చేరడం అప్పట్లో సంచలన వార్త. అన్ని భాషలకు ఒకే యంత్రాంగం ఎలా అన్న సమస్యకు సంస్థ ఇంజనీర్లు కనుగొన్న పరిష్కారాన్ని 'బిల్డ్‌ప్యాక్' అంటారు. ఇందులో మూడు చిన్న ప్రోగ్రాములు ఉంటాయి. మొదటిది వచ్చిన ఫైళ్లను చూసి 'ఇది నా భాషేనా' అని పోలుస్తుంది. రెండవది ప్యాకేజీలను తెచ్చి అమర్చుతుంది. మూడవది ప్రోగ్రామును ఎలా నడపాలో వేదికకు తెలియజేస్తుంది. బిల్డ్‌ప్యాక్‌ను ఎవరైనా రాయవచ్చు, ఎవరిదైనా వాడవచ్చు. ఇదొక ఉదార విధానం. సంస్థ తన తీరిక చూసుకుని స్పందించేదాకా ఆగకుండా, కావలసిన వారే తమ అవసరాన్ని తీర్చుకునే వెసులుబాటు దీనివల్ల కలిగింది.

ఇదే ఆలోచనను మరింత విస్తృతపరిచి హెరోకు, పివోటల్ సంస్థలు 2018లో 'క్లౌడ్ నేటివ్ బిల్డ్‌ప్యాక్స్' అనే ఉమ్మడి ప్రమాణాన్ని ప్రారంభించగా, క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్ దానిని తన పరిధిలోకి తీసుకుంది.

అందరూ ఇదే బాట పట్టలేదు. గూగుల్ 2008లో యాప్ ఇంజన్‌ను పైథాన్ భాషతో ప్రారంభించినప్పుడు, బయటి ప్యాకేజీలు కావాలంటే వాటి ప్రతులను ప్రోగ్రామర్ తన సొంత ఫోల్డరులో పెట్టి పంపవలసిందే. జాబితా ఇస్తే తానే తెచ్చి అమర్చే పద్ధతి ఆ సేవ ప్రామాణిక విభాగంలో పైథాన్ 3.7తో పాటు 2018లో గాని రాలేదు. అమెజాన్ 2014లో తెచ్చిన ల్యాంబ్డా సేవ కూడా ప్యాకేజీలన్నీ మూటకట్టి తెమ్మనే చెప్పింది. దీనివల్ల సంస్థకు బాధ్యత తక్కువ, వినియోగదారుకు చాకిరీ ఎక్కువ.

'ఒక్క ఆదేశమే కదా' అన్న అపోహ

కొత్త ఉపకరణానికి మద్దతు అడిగేవారు సాధారణంగా చేసే వాదన ఒకటే. 'మా ఉపకరణాన్ని అమర్చి, ఒక్క ఆదేశం నడిపితే సరిపోతుంది కదా, దీనికి ఏళ్లు ఎందుకు' అని. వినడానికి సబబుగానే ఉన్నా, వాస్తవ పరిస్థితి వేరు.

ముందుగా, ఒకే ప్రోగ్రాములో రెండు ఉపకరణాల ఫైళ్లు కనిపిస్తే దేనిని నమ్మాలన్నది తేల్చాలి. పాత పిప్ జాబితా ఒక మూల మిగిలిపోయి, పక్కనే కొత్త పొయెట్రీ లాక్ ఫైలు ఉన్న ప్రోగ్రాములు కోకొల్లలు. తప్పు ఫైలును ఎంచుకుంటే ప్రోగ్రాము ఆగిపోదు, పాత ప్యాకేజీలతో నిశ్శబ్దంగా నడుస్తుంది. ఆగిపోవడం కంటే ఇది ప్రమాదకరం. తరువాత ఉపకరణంలో ఏ రకాన్ని అమర్చాలి, భాషలో ఏ రకాన్ని వాడాలి అన్నవి నిర్ణయించాలి. ప్రతిసారీ అన్ని ప్యాకేజీలను కొత్తగా దించుకుంటే కాలహరణం కనుక వాటిని దాచి ఉంచే ఏర్పాటు చేయాలి. దాచినది పాతబడితే గుర్తించి పారవేయాలి. పరీక్షలకు మాత్రమే పనికివచ్చే ప్యాకేజీలను సర్వర్‌పైకి రానివ్వకూడదు. లాక్ ఫైలుకు, మూల జాబితాకు పొంతన కుదరకపోతే సర్దుకుపోకుండా అక్కడే ఆపివేసి, ఎందుకు ఆపినదీ మనిషికి అర్థమయ్యే మాటలలో చెప్పాలి. చివరిది చిన్న విషయంగా కనిపించినా, సహాయక సిబ్బందికి వచ్చే ఫిర్యాదులలో సింహభాగాన్ని తగ్గించేది మంచి దోష సందేశమేనని ఈ రంగంలో పనిచేసిన వారెవరైనా ఒప్పుకుంటారు.

జావాస్క్రిప్ట్ రంగంలో ఇటువంటి జాగ్రత్త అవసరాన్ని కళ్లకు కట్టిన ఘటన 2016 మార్చిలో జరిగింది. ఒక పేరు విషయమై తలెత్తిన వివాదంలో కినుక వహించిన ఒక ప్రోగ్రామర్, ఎన్‌పీఎం భాండాగారం నుంచి తన ప్యాకేజీలన్నింటినీ ఉపసంహరించుకున్నాడు. వాటిలో 'లెఫ్ట్ ప్యాడ్' అనేది ఒకటి. అక్షరాల వరుసకు ఎడమవైపు ఖాళీలు చేర్చడం తప్ప మరేమీ చేయని 11 పంక్తుల ప్రోగ్రాము అది. దానిపై నేరుగానో, పరోక్షంగానో ఆధారపడిన వేలాది ప్రోగ్రాములను కొత్తగా నిర్మించడం ప్రపంచవ్యాప్తంగా నిలిచిపోయింది. భాండాగారం నిర్వాహకులు జోక్యం చేసుకుని కొద్ది గంటలలోనే దానిని పునరుద్ధరించారు. అదే ఏడాది అక్టోబరులో ఫేస్‌బుక్, గూగుల్ తదితర సంస్థల ఇంజనీర్లు కలిసి లాక్ ఫైలుతో కూడిన యార్న్‌ను విడుదల చేశారు. ఎన్‌పీఎం సైతం 2017లో తన లాక్ ఫైలును తెచ్చింది. హెరోకు యార్న్‌ను జాగు లేకుండానే ఆదరించింది. వెనుక నిలిచిన పెద్ద సంస్థల పేర్లు ఇందుకు దోహదం చేసి ఉంటాయనడం సాహసం కాబోదు.

సొంత ఇంట్లో పుట్టిన బిడ్డ

పైథాన్ విషయానికి వస్తే కథ ఇంత నేరుగా సాగలేదు. ఇయాన్ బికింగ్ 2008లో రూపొందించిన పిప్ ప్యాకేజీలను అమర్చడంలో దిట్ట అయినా, దానికి చాలాకాలం సొంత లాక్ ఫైలు లేదు. ఆ లోటు పూడ్చడానికి 2017 జనవరిలో కెన్నెత్ రీట్జ్ 'పిప్‌ఎన్వ్' అనే ఉపకరణాన్ని విడుదల చేశాడు. 'రిక్వెస్ట్స్' అనే సుప్రసిద్ధ ప్యాకేజీ కర్తగా అతడు అప్పటికే లబ్ధప్రతిష్ఠుడు. అప్పట్లో హెరోకులో పైథాన్ వ్యవహారాలు చూసినవాడూ అతడే. ఉపకరణాన్ని చేసిన చేతులే వేదిక తలుపు తాళాన్ని కూడా పట్టుకుని ఉండడంతో పిప్‌ఎన్వ్‌కు హెరోకు ప్రవేశం ఆ ఏడాదే లభించింది. పైథాన్ ప్యాకేజీల అధికారిక మార్గదర్శకంలోనూ దానికి చోటు దక్కింది.

ఆ తరువాత జరిగినది ఈ రంగంలోని వారు ఇప్పటికీ గుర్తు చేసుకుంటారు. 2018 నవంబరు చివరలో ఒక విడుదల వెలువడిన పిదప, పిప్‌ఎన్వ్ నుంచి 2020 మే నెలాఖరు దాకా మరో విడుదల రాలేదు. ఏడాదిన్నర పాటు దోషాల జాబితా పెరుగుతూ పోయింది, సవరణలు వినియోగదారులకు చేరలేదు. ఉపకరణం స్తంభించినా దానిపై నిర్మించిన ప్రోగ్రాములు నడుస్తూనే ఉండాలి కనుక, అంగీకరించిన సంస్థ ఆ కాలమంతా దానిని మోయక తప్పదు. ప్రవేశం కల్పించడం ఒక రోజు పని, బయటికి పంపడం ఏళ్ల పని. వేలాది వినియోగదారుల ప్రోగ్రాములు దానిపై నిలిచిన తరువాత 'రేపటి నుంచి ఇది లేదు' అనడం ఏ వ్యాపార సంస్థకూ సాధ్యం కాదు.

ఈ అనుభవమే పొయెట్రీ విషయంలో జాప్యానికి కారణమని సంస్థ చెప్పినట్లు దాఖలా లేదు. అయినా, సరిగ్గా ఆ సంవత్సరాలలోనే సెబాస్టియన్ యుస్టాస్ ప్రారంభించిన పొయెట్రీ, ఒక వ్యక్తి ఉత్సాహం మీద నడిచే ఉపకరణంగా గుమ్మం ముందు నిలబడిందన్నది గమనార్హం. అది నిలదొక్కుకుంటుందా, లేక పిప్‌ఎన్వ్ బాటనే పడుతుందా అన్న సందేహం కలగడంలో వింత లేదు. ఏది ఏమైనా ఆరేళ్లు అన్నది మాత్రం సమర్థించుకోవడానికి కష్టమైన వ్యవధి. పొయెట్రీ నిర్వహణ ఒక బృందం చేతుల్లోకి వెళ్లి స్థిరపడిన తరువాత కూడా నిరీక్షణ కొనసాగింది.

దొడ్డిదారి ఖరీదు

ఈలోగా వినియోగదారులు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. బిల్డ్‌ప్యాక్‌ను ఎవరైనా రాయవచ్చునన్న నిబంధనను ఆసరా చేసుకుని బయటివారు పొయెట్రీకి సొంత బిల్డ్‌ప్యాక్‌లు తయారుచేశారు. వీటిలో బాగా వాడుకలోకి వచ్చిన పద్ధతి చమత్కారమైనది. అది ముందుగా నడిచి, పొయెట్రీ లాక్ ఫైలును చదివి, దాని నుంచి పిప్‌కు అర్థమయ్యే పాత తరహా జాబితాను తయారుచేసి పెడుతుంది. ఆ వెనుక నడిచే హెరోకు అధికారిక బిల్డ్‌ప్యాక్, ఆ జాబితాను చూసి ఇది మామూలు పిప్ ప్రోగ్రామే అనుకుని పని కానిస్తుంది. దుబాసీని మధ్యన పెట్టుకుని బేరం కుదుర్చుకున్నట్లన్న మాట.

ఈ దారి పనిచేసింది, ఎందరికో అక్కరకు వచ్చింది. అయితే దానికి ఖరీదు లేకపోలేదు. నిర్మాణ సమయంలో బిల్డ్‌ప్యాక్‌కు ఆ ప్రోగ్రాము రహస్య సెట్టింగులు కూడా అందుబాటులో ఉంటాయి. డేటాబేస్ చిరునామా, సంకేతపదం, చెల్లింపుల సంస్థ ఇచ్చిన తాళంచెవి వంటివి వాటిలో ఉండవచ్చు. బయటి వ్యక్తి రాసిన బిల్డ్‌ప్యాక్‌ను దాని గిట్ చిరునామాతో తగిలించుకున్నవారు, ఒక నిర్దిష్ట రకానికి కట్టుబడకపోతే, ఆ వ్యక్తి ఏ రోజు ఏ మార్పు చేస్తే అది మరుసటి నిర్మాణంలో వారి యంత్రంపై నడుస్తుంది. లాక్ ఫైలు కోసం పడిన తపన అంతా ప్యాకేజీలు చేతికి తెలియకుండా మారకూడదనే. వాటిని తెచ్చే సాధనమే తాళం లేకుండా ఉండడం విచిత్రం. పైగా 2025 జనవరిలో వెలువడిన పొయెట్రీ 2.0, జాబితాను వేరే రూపంలోకి మార్చి ఇచ్చే సౌకర్యాన్ని తన వెంట ఇవ్వడం మానేసి, కావలసినవారు విడిగా తెచ్చుకోవాలని చెప్పింది. దుబాసీలపై ఆధారపడిన దొడ్డిదారులన్నీ మరమ్మతుకు వచ్చాయి. అధికారిక గుర్తింపు సరిగ్గా అంతకు కొద్ది ముందే రావడం పలువురికి కలిసివచ్చింది.

హెరోకు వినియోగదారులకు ఇది గడ్డుకాలం కూడా. 2022 ఏప్రిల్‌లో ఆ సంస్థకు చెందిన గిట్‌హబ్ అనుసంధాన తాళాలను దొంగిలించిన ఆగంతకులు కొందరు వినియోగదారుల రహస్య ప్రోగ్రాములను దించుకున్న ఉదంతం వెలుగుచూసింది. ఆ ఏడాది నవంబరు 28 నుంచి సంస్థ తన ఉచిత సేవలను నిలిపివేసింది. భారత్‌లో ఇంజనీరింగ్ విద్యార్థులు తమ తొలి ప్రోగ్రామును ప్రపంచానికి చూపుకోవడానికి ఇటువంటి ఉచిత సేవలనే ఆశ్రయించేవారు. వారు ఇతర సంస్థల వైపు మళ్లవలసి వచ్చింది. ముంబైలోని యంత్రాలపై నడిపే సౌకర్యం హెరోకులో ఖరీదైన ప్రైవేటు విభాగానికే పరిమితం. సామాన్య విభాగంలో ప్రోగ్రాములు అమెరికాలో గాని, ఐరోపాలో గాని నడుస్తాయి.

యూవీ ప్రవేశం

యూవీని తయారుచేసినది ఆస్ట్రల్ అనే సంస్థ. రస్ట్ భాషలో రాసిన ఈ ఉపకరణం పిప్ కంటే 10 నుంచి 100 రెట్లు వేగంగా పనిచేస్తుందని ఆ సంస్థ ప్రచారం. సంస్థలు చెప్పుకునే రెట్లను కొంత తగ్గించి చూడడం మంచిదే అయినా, వేగం మాత్రం వాడినవారికి తెలుస్తూనే ఉంది. క్లౌడ్ సంస్థకు ఈ వేగం కేవలం వినియోగదారు సంతోషం కాదు. ప్రతి నిర్మాణానికి పట్టే ప్రతి నిమిషం సంస్థ యంత్రాల ఖర్చే. పొయెట్రీని అడిగినవారు సౌలభ్యాన్ని అడిగారు. యూవీని ఆమోదించడంలో సంస్థకు సొంత లాభం కూడా ఉంది. అంతేగాక పొయెట్రీ కోసం పైథాన్ బిల్డ్‌ప్యాక్‌లో ఒకసారి చోటు కల్పించాక, తరువాత వచ్చిన వానికి అదే చోటును కొద్దిగా విస్తరిస్తే సరిపోతుంది. మొదట వచ్చినవాడు దారి వేస్తే వెనుక వచ్చినవాడు నడిచాడని అనుకోవచ్చు.

ఉపకరణానికో లిపి అన్న అవస్థను తొలగించే యత్నాలూ జరిగాయి. అన్ని ఉపకరణాలు చదవగలిగే ఉమ్మడి లాక్ ఫైలుకు సంబంధించిన ప్రతిపాదనను పైథాన్ సమాజం సుదీర్ఘ చర్చల అనంతరం 2025 మార్చి చివరలో ఆమోదించింది. పిప్ ఆ తరువాతి నెలలోనే ప్రయోగాత్మకంగా దానిని రాయడం ప్రారంభించింది. యూవీ తన వివరాలను ఆ రూపంలోకి మార్చి ఇచ్చే సౌకర్యం కల్పించింది గాని, తన అవసరాలకు అది చాలదంటూ సొంత లాక్ ఫైలును మాత్రం వదులుకోలేదు. కనుక దుబాసీల అవసరం ఒక్కసారిగా తీరలేదు.

భారతీయ సంస్థలకు కొత్త లెక్క

2021 డిసెంబరులో జావా రంగంలో విస్తారంగా వాడే 'లాగ్ ఫోర్ జే' ప్యాకేజీలో బయటపడిన లోపం, ఏ ప్రోగ్రాములో ఏ ప్యాకేజీ ఉన్నదో కంపెనీలకే తెలియదన్న చేదు నిజాన్ని బట్టబయలు చేసింది. తమ వద్ద ఆ ప్యాకేజీ ఉన్నదో లేదో తేల్చుకోవడానికే అనేక సంస్థలకు వారాలు పట్టింది. భారత ప్రభుత్వపు కంప్యూటర్ అత్యవసర స్పందన బృందం, సెర్ట్-ఇన్, ఆ సమయంలో హెచ్చరికలు జారీ చేసింది.

అమెరికా ప్రభుత్వం అంతకు ముందే, 2021 మే నెలలో, తనకు సాఫ్ట్‌వేర్ అమ్మేవారు అందులోని భాగాల జాబితాను సమర్పించాలన్న విధానానికి శ్రీకారం చుట్టింది. భారత్‌లో సెక్యూరిటీస్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024 ఆగస్టులో ప్రకటించిన సైబర్ భద్రతా చట్రంలో, తన అజమాయిషీలోని స్టాక్ ఎక్స్ఛేంజీలు, బ్రోకర్లు, మ్యూచువల్ ఫండ్లు మొదలైనవి కీలక వ్యవస్థలలోని సాఫ్ట్‌వేర్‌కు ఇటువంటి జాబితాను సమకూర్చుకోవాలన్న నిబంధన చేర్చింది. అమలు గడువులను తరువాత పొడిగించినా నిబంధన నిలిచింది. సెర్ట్-ఇన్ 2024 అక్టోబరులో ఈ జాబితాల తయారీకి సాంకేతిక మార్గదర్శకాలను వెలువరించింది.

ఇక్కడే ఉపకరణాల గొడవ లెక్కల పుస్తకంలోకి వచ్చి చేరుతుంది. బ్రోకరేజీ సంస్థకు ప్రోగ్రాము రాసి ఇచ్చే హైదరాబాద్ లేదా పుణెలోని చిన్న కంపెనీ ఆ జాబితాను ఎక్కడి నుంచి తేవాలి? లాక్ ఫైలు ఉంటే దాని నుంచి యంత్రమే నిమిషాలలో తయారుచేస్తుంది. సంఖ్యలు లేని పాత తరహా చీటీ ఉంటే, సర్వర్‌పై నిజంగా ఏమి నడుస్తున్నదో ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు. లాక్ ఫైలు ఉండి కూడా, క్లౌడ్ సంస్థ దానిని చదవక వేరే జాబితాను నమ్మి ప్యాకేజీలను అమర్చితే, కాగితంపై ఉన్నది ఒకటి, నడిచేది మరొకటి అవుతుంది. తనిఖీకి వచ్చిన అధికారి చేతిలో కాగితమే ఉంటుంది. చొరబాటుదారు దాడి చేసేది నడుస్తున్న దానిపై.

పెద్ద ఐటీ కంపెనీలు ఈ పనికి ప్రత్యేక సిబ్బందిని నియమించుకోగలవు. ప్రోగ్రాము, దానికి కావలసిన ఆపరేటింగ్ వ్యవస్థ అన్నీ ఒకే పెట్టెలో సర్ది పంపే డాకర్ పద్ధతిని వాడి, ఏ వేదిక ఏ ఉపకరణాన్ని ఆమోదించినదన్న ప్రశ్ననే దాటవేయగలవు. అప్పుడు ఆ పెట్టెలోని ఆపరేటింగ్ వ్యవస్థకు భద్రతా సవరణలు వేసే బాధ్యత కూడా వారిదే అవుతుంది. ఐదారుగురు ప్రోగ్రామర్లున్న కంపెనీకి ఆ తీరిక ఉండదు. వారు హెరోకు వంటి వేదికకు అద్దె చెల్లించేదే ఆ పని తప్పించుకోవడానికి.

సెర్ట్-ఇన్ 2025 జులైలో తన మార్గదర్శకాల రెండవ సంచికను విడుదల చేస్తూ, సాఫ్ట్‌వేర్ భాగాలతో పాటు హార్డ్‌వేర్, గూఢలిపి పద్ధతులు, కృత్రిమ మేధ నమూనాలకు కూడా ఇటువంటి జాబితాలు తయారుచేసే విధానాన్ని చేర్చింది.